సీటు కింది వైరు

వాన వెలిసిన పొద్దున కోసిన గడ్డి వాసనకు పెట్రోలు వాసన తోడైతే నా కాళ్లు ఆగిపోతాయి. నిన్న అదే జరిగింది. బాన్సువాడ బస్టాండు నుంచి నా మెకానిక్ షెడ్డుకు నడిచి వస్తున్నాను. ఒక ఆఫీసు ప్రహరీ అవతల ఎవరో మిషనుతో గడ్డి కోస్తున్నారు. మనిషి కనిపించడం లేదు. ఇంజను చప్పుడు దూరం పోతోంది, మళ్లీ దగ్గరికి వస్తోంది. తడి గడ్డి తెగిన పచ్చి వాసన గోడ దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఆ ఇంజను ఆగి, మనిషి దగ్గిన చప్పుడు వినబడేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాతే కదిలాను. తొమ్మిదేళ్లుగా ఇది నాకు అలవాటు.

ఈ అలవాటు సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. తొమ్మిదేళ్ల కింద ఒక శ్రావణ మాసంలో, ఊరి బయట గుట్ట మీద ఉన్న ఒక కాలేజీలో, మనిషి కూర్చుని నడిపే గడ్డి బండికి సీటు కింద ఉండే రెండు వైర్లను నేను ఒకదానితో ఒకటి మెలిపెట్టి నల్ల టేపు చుట్టాను. నాకు పని నేర్పిన మనిషి వచ్చి ఏం చేశావని అడిగితే అబద్ధం చెప్పాను. ఆయన నమ్మాడు. ఆ నమ్మకానికి ఆయన ఎడమకాలి రెండు వేళ్లు పోయాయి.

ఆయన పేరు విఠల్. మేమందరం ఉస్తాద్ అనేవాళ్లం. బోధన్ రోడ్డు మీద ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. ట్రాక్టర్లు, మందు కొట్టే మిషన్లు, కోత మిషన్లు, జనరేటర్లు, ఇంజను ఉన్నది ఏదైనా అక్కడికి వచ్చేది. పుట్టింది మహారాష్ట్ర సరిహద్దులో. ఇంట్లో మరాఠీ, షెడ్డులో మన తెలుగు, సామాను దుకాణాల్లో ఉర్దూ. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. అందులో పేర్లు, ఎత్తులు, బరువులు రాసుకునేవాడు. మిషన్లవి కావు, మనుషులవి. అదేమిటో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఆయన పద్ధతి ఒకటుండేది. బండి బాగు చేయించుకోవడానికి ఎవరొచ్చినా, బండి తోలే మనిషి వచ్చేదాకా పానా ముట్టేవాడు కాదు. ఒకసారి కోటగిరి వైపు నుంచి ఒక పెద్ద రైతు కోత మిషను తెచ్చాడు. వరికోతల కాలం, ఆయనకు తొందర. ఉస్తాద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"డ్రైవర్ ఏడి పటేలా?"

"వాడెందుకు? బండి నాది. దాని సంగతి నాకు తెల్వదా?"

"బండి నీదే. నడుం నొప్పి వానిది. వాన్ని తోల్కరా, వాడు చెప్తడు ఏడ మొరాయిస్తుందో."

పటేలు గొణుక్కుంటూనే వెళ్లి డ్రైవర్ను తెచ్చాడు. ఆ డ్రైవర్ మొదట యజమాని ముఖం చూసి నోరు విప్పలేదు. ఉస్తాద్ పటేలును చాయ్ తాగి రమ్మని పంపించి, డ్రైవర్‌తో అరగంట మాట్లాడాడు. తప్పు ఇంజనులో లేదని, మనిషి కాలికి అందని పెడల్లో ఉందని అప్పుడు తేలింది.

రెండో పద్ధతి, షెడ్డు ముందు చదును నేల మీద నడిపి చూసి బండి అప్పజెప్పేవాడు కాదు. అది పనిచేసే నేల మీదికే వెళ్లేవాడు. రుద్రూర్ రేగడి బురదలో తిరిగే మిషనును ఆ బురదలోనే చూడాలి. కాలువ గట్టు మీద నడిచేదాన్ని గట్టు మీదే చూడాలి. మొదటిసారి ఎక్కేది మాత్రం ఆయనే. "మన చెయ్యి వడ్డ బండి మీద మొదలు మనమే కూసోవాలె. మంచిగుంటే వాళ్లకిస్తం, లేకుంటే మన పానం మీదికే వస్తది," అనేవాడు.

గుట్ట మీద ఆ పని చేసేనాటికి ఆయన దగ్గర చేరి పదేళ్లయింది. ఎనిమిదో ఏట ఎప్పుడో ఆయన నా పని మీద మళ్లీ చెయ్యి పెట్టి చూడటం మానేశాడు. "అయిందా సాయిలూ?" అని అడిగేవాడు. అయిందంటే చాలు, బండెక్కి కూర్చునేవాడు. నాకు దొరికిన మర్యాదల్లో అంతకంటే పెద్దది లేదు. దాన్ని నేను ఎలా వాడుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

మా పనిలో 'డైరెక్ట్ చేయడం' అని ఒకటుంది. ఒక స్విచ్చు ఇబ్బంది పెడుతుంటే దాన్ని బాగుచేయకుండా దాని వైర్లు రెండూ కలిపేయడం. స్విచ్చు ఉన్నా లేనట్టే. బండి నడుస్తుంది, రైతు సంతోషిస్తాడు. అయితే కొన్ని స్విచ్చులు బండి నడవడానికి కాదు, ఆగడానికి పెట్టినవి. గేరులో ఉండగా స్టార్టు కాకుండా ఆపేవి, మనిషి దిగిపోతే ఇంజనును ఆపేవి. నేను ఒంటరిగా పొలాలకు వెళ్లినప్పుడు వాటిని కూడా డైరెక్ట్ చేసేవాణ్ని. పది నిమిషాల్లో పని అయిపోయేది. రైతులు మెచ్చుకుని 'డైరెక్ట్ సాయిలు' అని పేరు పెట్టారు. ఉస్తాద్ ముందు ఆ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నేనూ చెప్పలేదు. చెప్పకూడదని నాకు తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఇక గుట్ట సంగతి. ఆ కాలేజీ వాళ్లు గుట్టను అంచెలంచెలుగా చెక్కి మధ్యలో గడ్డి పెంచారు. అడుగున రాతిగోడ. పైనుంచి చూస్తే దూరంగా కాలువ, వరి మడులు కనిపిస్తాయి. అంత గడ్డిని చేత్తో కోయలేక ఎక్కడో వాడిన గడ్డి బండి ఒకటి కొన్నారు. చిన్న ట్రాక్టరులా ఉంటుంది. మనిషి కూర్చుని స్టీరింగు తిప్పాలి. కడుపు కింద ఇనుప డొప్ప, అందులో రెండు బ్లేడ్లు తిరుగుతాయి. దాన్ని నడిపేది లక్ష్మవ్వ అనే ఆమె. యాభై దాటిన మనిషి, బక్కపలచన. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టి, ఆ పని తగ్గిపోయాక కాలేజీలో ఊడ్చే పనికి చేరింది. బండి వచ్చిన రోజు మగవాళ్లు ఎవరూ ఆ ఏటవాలు మీద ఎక్కడానికి ముందుకు రాకపోతే, నేను నడుపుతానని ఎక్కిందట.

మేము వెళ్లిన మొదటి రోజు ఉస్తాద్ ఆమెనే ముందు పలకరించాడు.

"ఎట్లుందవ్వా నీ బండి?"

"బర్రెకు కుర్చీ ఏసినట్టుందన్నా. మంచిదే గని మొండిది. బీడీలు చుట్టి చుట్టి మెడ వంగిపాయె, గిప్పుడు రాణి లెక్క కూసుంటున్న. కాకపోతే ఈ రాణి నడిమిట్ల దిగి నూకాల్సొస్తుంది."

"ఏడ ఆగుతది?"

"ఎక్కేటప్పుడు. గతుకు రాంగనే ఠక్కున బందైతది. మేనేజర్ సారేమో నాకు తోలనీకి రాదంటడు."

ఉస్తాద్ నీళ్ల సీసా సగం నింపి బండి ముందు మూత మీద పడుకోబెట్టాడు. అందులో నీళ్లు ఒరిగిన తీరును బట్టి ఏటవాలు ఎంతుందో చూసుకున్నాడు. ఇంజనుకు పెట్రోలు అందుతోందా, చక్రాల్లో గాలి సమానంగా ఉందా, డొప్ప ఒకవైపు వాలిందా అని ఒక్కొక్కటే చూశాడు. ఎడమ చక్రంలో గాలి తక్కువుంది. డొప్ప కుడివైపు కిందికి దిగి, మిట్ట వచ్చిన చోటల్లా మట్టిని గీరుతోంది. వాటి వల్ల ఇంజను ఆగదు. ఆయన ఎక్కి నడిపితే ఒక్కసారి కూడా ఆగలేదు. లక్ష్మవ్వ ఎక్కితే మూడుసార్లు ఆగింది. అప్పుడు ఆయన నవ్వి, జేబులో నోటుబుక్కు తీసి ఆమె బరువు అడిగాడు.

"తూకం ఎవలు జూసుకున్నరన్నా? బియ్యం బస్తా కన్న తక్కువనే ఉంట."

సీటు కింద గట్టి స్ప్రింగు ఉంది. మనిషి కూర్చుంటే అది అణిగి స్విచ్చును నొక్కుతుంది. మనిషి లేస్తే స్విచ్చు వదిలి ఇంజను ఆగిపోతుంది. గతుకు వచ్చినప్పుడు లక్ష్మవ్వ బరువుకు ఆ స్ప్రింగు అణిగి ఉండటం లేదు. ఆమె సీట్లోనే ఉన్నా బండి ఆమెను లెక్కలోకి తీసుకోవడం లేదు.

"ఈ బండి కట్టినోడు లక్ష్మవ్వను సూడలే," అన్నాడు ఉస్తాద్. "ఆమెకు తగ్గ స్ప్రింగు కావాలె. బోధన్ల ఒకాయన చుట్టిస్తడు. రేపు నేను తెస్త. నువ్వు పొద్దుగాల వచ్చి గాలి, డొప్ప సరిజెయ్యి. స్విచ్ జోలికి పోకు."

మర్నాడు పొద్దున నేను ఒక్కణ్నే వెళ్లాను. గాలి సరిచేశాను, డొప్పను నాలుగు వైపులా కొలిచి సమం చేశాను. అంతవరకు నా పని శుభ్రంగానే ఉంది. తొమ్మిదిన్నరకు మేనేజర్ వచ్చాడు. మర్నాడు ఎవరో పెద్దలు వస్తున్నారట, సాయంత్రానికి గుట్టంతా కోసి ఉండాలి.

"మీ ఉస్తాద్ స్ప్రింగు చుట్టించనీకి బోధన్ పోయిండా? ఒక్క సీటు స్ప్రింగుకు రెండు దినాలా? మీరు మెకానిక్‌లేనా?"

"పది నిమిషాలు సార్," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎందుకు వచ్చిందో ఇప్పటికీ నాకు తెలుసు. పొలాల్లో వినే మెప్పు అక్కడా వినాలనిపించింది. అతను వెళ్లిపోయాడు. లక్ష్మవ్వను తాగడానికి నీళ్లు తెమ్మని పంపించాను. సీటు ఎత్తాను. ఆమె తిరిగి వచ్చేసరికి టేపు చుట్టడం కూడా అయిపోయింది.

ఆమె ఎక్కి గుట్ట పైదాకా వెళ్లి దిగివచ్చింది. ఎక్కడా ఆగలేదు. "ఏం మంత్రం ఏసినవ్ బిడ్డా!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ సంతోషమైంది. అది కూడా దాచను.

పదకొండుకు ఉస్తాద్ బస్సు దిగి నడిచి వచ్చాడు. చేతిలో పసుపు కాగితం పొట్లం. అప్పటికే లక్ష్మవ్వ రెండు అంచెలు కోసేసింది.

"ఎట్లయిందిరా?"

"స్విచ్ పట్టీ జర వంచిన ఉస్తాద్. ఇప్పుడు ఆమె బరువుకు పడుతుంది. స్ప్రింగు అక్కర్లే."

నా ముఖం వైపు చూశాడు. అనుమానంతో కాదు. నాకు తట్టనిది వీడికి తట్టిందే అన్నట్టు చూశాడు. "మంచి పనే," అని పొట్లం జేబులో పెట్టుకున్నాడు. చెప్పులతోనే బండెక్కాడు. నిలువుగా ఎక్కి, నిలువుగా దిగి, రెండుసార్లు తిరిగి వచ్చాడు. తర్వాత సగం ఏటవాలులో నెమ్మది గేరులో దిగుతూ లక్ష్మవ్వను దగ్గరికి పిలిచాడు.

"ఇటు సూడవ్వా. అడ్డం పోవద్దు, ఎప్పుడూ నిలువే. ఇగ ఎప్పుడన్న బండి జారుతుందనిపిస్తే ఇంజను గురించి ఫికర్ జెయ్యకు, సారు ఏమంటడో అని ఫికర్ జెయ్యకు. బండిని ఇడిసిపెట్టి లెవ్వు. నువ్వు లేస్తే ఇంజను బందైతది, బ్లేడ్లు బందైతయ్. నీ పానం కోసమే పెట్టిండ్రు దాన్ని. సూపిస్త సూడు."

ఈ మాటలు చెప్పడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో నాకు బాగా గుర్తుంది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. మొదటి మాటకే ఆయన ఏం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. ఉస్తాద్, లేవకు అని రెండు మాటలు అంటే సరిపోయేది. అంటే లక్ష్మవ్వ ముందు నా అబద్ధం బయటపడుతుంది. ఏమో, లేవడేమో అనుకున్నాను. ఆ ఒక్క ఊహను పట్టుకుని నోరు మూసుకున్నాను. వైర్లు కలపడం తొందరలో చేసిన తప్పు. ఇది మాత్రం తెలిసి చేసింది.

ఆయన లేచాడు. ఇంజను ఆగుతుందన్న ధీమాతో ఒక్క కదలికలో లేచి ఎడమవైపు దిగాడు. ఇంజను ఆగలేదు. బ్లేడ్లు తిరుగుతూనే ఉన్నాయి. తడి గడ్డి మీద చెప్పు జారింది. బండి ఆయన పక్కనుంచి దిగిపోతూ డొప్ప అంచు కాలి మీదుగా వెళ్లింది. "ఆయీ!" అన్నాడు. మరాఠీలో అమ్మను పిలవడం. అంతే, మరో మాట లేదు. బండి వెళ్లి రాతిగోడకు తగిలి అక్కడే గురగురలాడుతూ నిలబడింది. నేను కదల్లేకపోయాను. లక్ష్మవ్వ పరుగెత్తి తాళం తిప్పి ఇంజను ఆపింది. తిరిగి వచ్చి కొంగు చింపి ఆయన పాదానికి గట్టిగా కట్టింది. కాలేజీ జీపులో దవాఖానకు తీసుకెళ్లాం. దారిలో ఆయన తల నా ఒడిలో ఉంది.

దవాఖానలో మేనేజర్ అడిగితే ఉస్తాద్ చెప్పిన మాట ఇది: "పాత స్విచ్ సార్. ఒకపారి పడుతుంది, ఒకపారి పట్టది. నేనే సూస్కోవాల్సి ఉండె." నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఆ మాట విన్నాను. ఆయన దాన్ని నా కోసం అనలేదు. నిజమనుకునే అన్నాడు.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు లక్ష్మవ్వ షెడ్డుకు వచ్చింది. గుట్ట నుంచి కాదు, ఇంటి నుంచి. మేనేజర్ బండి సీటు ఎత్తి చూశాడట. టేపు చుట్టిన వైర్లు కనిపించాయట. ఇంజను ఆగిపోతోందని నెల రోజులుగా మొత్తుకున్నది ఆమే కాబట్టి, ఆమే ఎవరితోనో కలిపించిందని తేల్చేశాడు. పనిలోకి రావద్దన్నాడు.

"నేను వైర్లు ముట్టలే బిడ్డా. అవి ఏడుంటయో కూడ నాకు తెల్వదు. మీ ఉస్తాద్ కాలు నా వల్లనే పోయిందని వాడకట్టంత అంటుండ్రు. నువ్వన్న ఒక మాట చెప్పు సార్‌కు. నువ్వు మెకానిక్‌వి, నీ మాట ఇంటడు."

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే కొంత తేలికగా ఉండేది. చెబుతానని ఆమెను పంపించి, షెడ్డు మూసి, ఉస్తాద్ ఇంటికి వెళ్లాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలు మడిచిన దుప్పటి మీద ఉంది. ముందు ఒక పళ్లెంలో పాత నట్లు, బోల్టులు. మరను బట్టి జతలు కలుపుతున్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. వైర్ల సంగతి, అబద్ధం సంగతి, ఆయన లేవబోతుంటే చూస్తూ ఊరుకున్న సంగతి. చివరిది కూడా దాచకుండా చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు. ఒక నట్టును మూడు బోల్టులకు పెట్టి చూశాడు. నాలుగోదానికి పట్టింది. దాన్ని పక్కన పెట్టాడు.

"ఇంకెన్ని ఉన్నయ్?"

"ఏంది ఉస్తాద్?"

"గిసొంటివి. ఎన్ని బండ్లకు కట్టినవ్?"

తిడతాడనుకున్నాను, వెళ్లిపొమ్మంటాడనుకున్నాను. వేళ్ల మీద లెక్కపెట్టాను. పదకొండు. రైతుల పేర్లు చెప్పబోయాను.

"ఓనర్ల పేర్లు నాకెందుకు? వాటిమీద ఎవరు కూసుంటరో చెప్పు."

ఒక్కొక్కరినీ చెప్పాను. వాళ్ల ముఖాలు గుర్తు తెచ్చుకుంటూ చెప్పాల్సి వచ్చింది. ఒక ముసలాయన, ఇద్దరు అన్నదమ్ములు, పాలేరు ఒకడు, మా అక్క. నోటుబుక్కు తీసి ఆయన అందరినీ రాసుకున్నాడు. రాసిన కాగితం చింపి నా చేతికిచ్చాడు. దిండు కింది నుంచి పసుపు పొట్లం తీసి అదీ ఇచ్చాడు.

"ముందుగాల లక్ష్మవ్వ కాడికి పో. ఆమె కన్న ముందు నా కాడికొచ్చినవ్, అది గూడ తప్పే. నా కాలు ఎటూ పోదు, ఆమె పని పోతుంది."

లక్ష్మవ్వను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లాను. దారిలోనే ఆమెకు చెప్పాను. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"నాలుగు దినాలాయె. అవ్వ ఉన్నదో సచ్చిందో అని ఒక్కనాడన్న రాకపోతివి. నీళ్లు తెమ్మంటే నిజంగ నీకు దూపైతుందనుకున్న."

మేనేజర్ గదిలో గుమస్తాలు వింటుండగా, కట్టింది నేనేనని చెప్పాను. అతను నన్ను నాలుగు మాటలన్నాడు. అన్నీ నిజాలే. లక్ష్మవ్వ మధ్యలో అందుకుంది. "వీన్ని తర్వాత తిట్టుండ్రి సార్. నన్నేమన్నరో గది వాపస్ తీస్కోండ్రి ముందు." మేనేజర్ కాసేపు కాగితాలు సర్ది, రేపటి నుంచి రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. "రేపెందుకు? బండి ఇయ్యాల్నే బాగైతది," అంది.

టేపు విప్పి స్విచ్చును దాని చోట పెట్టాను. బోధన్ స్ప్రింగు బిగించాను. బ్లేడ్లు ఆపి, చదును మీద ముందు నేను కూర్చున్నాను. లేచాను, ఇంజను ఆగింది. పదిసార్లు కూర్చున్నాను, పదిసార్లు లేచాను. ఏటవాలు మీదికి వెళ్లి మళ్లీ అదే చేశాను. తర్వాత లక్ష్మవ్వ ఎక్కింది. గతుకుల మీద ఎగిరెగిరి పడుతూ గుట్ట పైదాకా వెళ్లింది, ఇంజను ఎక్కడా ఆగలేదు. పైన సీట్లోంచి లేచి నిలబడింది. చప్పుడు ఠక్కున ఆగింది. అక్కడినుంచే చెయ్యి ఊపింది. నన్ను క్షమించినట్టు కాదు, బండి సరిగా ఉందన్నట్టు.

నెల దాటాక ఉస్తాద్ షెడ్డుకు వచ్చాడు. కొంచెం కుంటేవాడు. నన్ను పంపించెయ్యలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, ఎవరికీ చెప్పలేదు. ఒక్కటే మారింది. అయిందా సాయిలూ అని అడిగి, అయిందన్నాక, వచ్చి సీటు ఎత్తి చూసేవాడు. ప్రతి నట్టూ వేలితో తడిమేవాడు. కోపంగా కాదు, ఎప్పటినుంచో అలాగే చేస్తున్నట్టు. రెండేళ్ల కింద జ్వరంతో పోయేదాకా అది మానలేదు. నేను ఆయన దగ్గర సంపాదించుకుని పోగొట్టుకున్నది ఆ నమ్మకం ఒక్కటే. ఇప్పుడు షెడ్డు నాది. పని అయ్యాక కాసేపు పక్కకు వెళ్లి, వేరేవాడి పనిని చూసినట్టు వచ్చి నా పనిని నేనే తడిమి చూస్తాను.

ఆ కాగితం పట్టుకుని పదకొండు ఊళ్లు తిరిగింది ఆ శ్రావణంలోనే. ఉస్తాద్ ఇంకా మంచం మీదే ఉన్నాడు. పొద్దున మోటారు సైకిలు మీద బయలుదేరేవాణ్ని. వైరు విప్పడం పది నిమిషాల పని. విప్పనివ్వడానికి మనిషిని ఒప్పించడం పూట పని. కోటగిరి దగ్గర ఒక రైతు నన్ను ట్రాక్టరును ముట్టుకోనివ్వలేదు.

"మంచిగ నడుస్తున్న బండిని ఖరాబు చేస్తనని ఇంత దూరమొచ్చినవా? నీకేమన్న దిమాక్ ఖరాబైందా డైరెక్టూ?"

మొదట్లో కంపెనీ వాళ్లు చెప్పారనో, కొత్త పద్ధతి వచ్చిందనో ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఎవరూ వినలేదు. మూడో ఊరి నుంచి నిజం చెప్పడం మొదలుపెట్టాను. నేను ఇలా కట్టాను, మా ఉస్తాద్ వేళ్లు పోయాయి, కట్టలేదని ఆయనతో అబద్ధం చెప్పాను అని. అప్పుడు బండి ముందు నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. కొందరు చాయ్ ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం, "గిన్నేండ్లు దాని మీద నా మనుమన్ని కూసోవెట్టుకున్న కదరా," అని అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు.

కాగితంలో చివరి పేరు మా అక్కది. కావాలనే చివరికి ఉంచాను. ఆమెను ఇచ్చిన ఊరు పిట్లం దగ్గర. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యేలా వాళ్ల ట్రాక్టరుకు స్విచ్చు ఉండేది. అది పాడైతే నేనే డైరెక్ట్ చేశాను. అప్పటినుంచి ఎక్కాల్సిన పని లేకుండా, కింద నిలబడి తాళం తిప్పినా స్టార్టయ్యేది. బావ పాలు పిండేటప్పుడు అక్క వెళ్లి, పెద్ద చక్రం పక్కనే నిలబడి, చెయ్యి చాచి స్టార్టు చేసేది. బండి గేరులో ఉంటే ఆ చక్రం కదిలేది ఆమె మీదికే.

నేను కొత్త స్విచ్చు తీసుకుని వెళ్లేసరికి అక్క వాకిట్లో ఉంది.

"మళ్ల ఎక్కి దిగుడు పెడ్తవా నాకు? ఉన్న సుకం ఊడగొట్టనీకి వచ్చినవా?" అని నవ్వింది. ఆమెకు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వు ఆగింది. చీపురు గోడకు ఆనించి, పాకలో బావ ఉన్నాడా అని చూసి, గొంతు తగ్గించింది.

"మీ బావకు చెప్పకు. నిరుడు ఒకనాడు గేరుల ఉన్నది సూసుకోలే. తాళం తిప్పంగనే ఎగిరి దునికింది. నేను ఎన్కకు పడ్డ. పోయి ఆ గోడకు గుద్దింది. బిడ్డ అప్పుడే ఆడికెల్లి లేచి పోయింది, అప్పటిదాంక ఆడనే కూసొని పండ్లు తోముకుంటుండె."

గోడ వైపు చూశాను. నడుమెత్తున సిమెంటు వేరే రంగులో ఉంది. ఏడాదిగా ఆ ఇంటికి వస్తూ పోతూ చూస్తూనే ఉన్నాను. ఎందుకు వేశారని ఒక్కసారి కూడా అడగలేదు.

వైరు విప్పాను. కొత్త స్విచ్చు బిగించాను. నేను ఎక్కి నాలుగుసార్లు చూశాను. దిగి, కింద నిలబడి తాళం తిప్పాను. ఇంజను పలకలేదు. అక్కను పిలిచాను. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, నన్ను తిట్టుకుంటూ ఎక్కింది. సీట్లో కూర్చుంది. గేరు ఊపి చూసుకుంది. క్లచ్ తొక్కి తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

"అయిందా? ఇగ పో," అంది పైనుంచి.

"బంద్ జేసి ఇంకోపారి చెయ్యక్కా," అన్నాను.